నాలుగింట్లో సూటిగా ఉన్నది

ముందు గదిలో ప్రశ్నల పుస్తకం పట్టుకుని బస్సు డ్రైవరుగారు, వెనక గదిలో కుట్టుమిషను ముందు ఆయన భార్య, మధ్య గుమ్మంలో వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. తెల్లారితే పిల్లకి కాలేజీ ప్రవేశ పరీక్ష. మొగుడూ పెళ్ళాం మాటలు మానేసి చాలా కాలమైంది గనక, ఆ ఇంట్లో ఏ మాటైనా ఆ గుమ్మం మీదుగా పోవాల్సిందే. ఆవిడ సన్నటి గొంతు ఎలాగూ మిషను చప్పుడు దాటి ముందు గదికి రాదు.

"మూడు."

"మూడా? మళ్ళీ చదువుతాను, సరిగ్గా విను. 'కింది వాటిలో విషయాన్ని సూటిగా చెప్పే వాక్యం ఏది? ఒకటి, గుమాస్తా ఫైలు పోగొట్టాడు. రెండు, గుమాస్తా దగ్గర ఉండగా ఫైలు పోవడం జరిగింది. మూడు, ఫైలు విషయంలో గుమాస్తాకు కొంత ఇబ్బంది ఎదురైంది. నాలుగు, ఫైలుకు సంబంధించి గుమాస్తాకు సంబంధించిన...' ఇది నాకే అర్థం కాలేదు. ఇప్పుడు చెప్పు."

"మూడే నాన్నా."

"పోగొట్టిందెవరు?"

"గుమాస్తా."

"తెలుసుగా. మరి మూడెందుకు?"

"ఆయనకీ పెళ్ళాం పిల్లలుంటారు కదా. పోగొట్టావని మొహం మీద ఎలా అంటాం?"

"అడిగింది గుమాస్తా సంసారం గురించి కాదమ్మా. చూడు, నా బస్సుకి బ్రేకు పడకపోతే 'బ్రేకు పడట్లేదు' అని అరవాలి. 'బ్రేకు విషయంలో ఇబ్బంది ఎదురైంది' అంటూ కూర్చుంటే, ఈలోపు అందరం కాలవలో ఉంటాం. ఏమిటీ టీ ఇలా ఉంది? మీ అమ్మతో చెప్పు, ఇది టీ కాదు, గిన్నె కడిగిన నీళ్ళని."

"అమ్మా, టీలో ఇంకొంచెం పొడి పడితే బావుండేదట."

"పొడి అయిపోయిందని పొద్దున్నే చెప్పానని చెప్పు. బుర్ర బస్సులో మర్చిపోయి వచ్చే మనిషికి ఆ నీళ్ళే ఎక్కువని చెప్పు."

"నాన్నా, పొడి అయిపోయిందట. పని ఒత్తిడిలో నీకు గుర్తుండి ఉండదులే అంది."

"అలా అందా?"

"అలాగే అంది."

"ఊఁ. సరే, రేపు తెస్తానని చెప్పు. తర్వాతది. 'ఒకటి, వాన వల్ల రైలు ఆలస్యమైంది. రెండు...'"

"నాలుగు."

"నేనింకా నాలుగు దాకా రాలేదు."

"వస్తావుగా."

"నీ ఇష్టం వచ్చినట్టు చెప్పేస్తావా? ఇదే వరస, పోయిన వారం కాలేజీ వాళ్ళు పెట్టిన నమూనా పరీక్షలోనూ. లెక్కలు దివ్యంగా చేశావు. సైన్సులో ఒకటో రెండో పోయాయి. ఈ వాక్యాల దగ్గర మాత్రం సున్నా. సగం కాదు, పావు కాదు, సున్నా."

"నాకు భాష రాదు నాన్నా."

"నీకా? పక్కింటావిడ మీ అమ్మ కుట్టు బాలేదని పోట్లాటకి వస్తే, రెండు మాటలు చెప్పి ఇంకో రెండు జాకెట్లు ఇచ్చేలా చేసి పంపావు. నీకు భాష రాదా?"

"అది వేరు."

"వేరేం కాదు. నేను ఇందాకట్నుంచీ ఆలోచిస్తున్నాను. కళ్ళు మూసుకుని టిక్కు పెట్టినా నాలుగింట్లో ఒకటి తగలాలి. అవునా?"

"అవును."

"నీకు ఒక్కటీ తగల్లేదు. అన్నీ తప్పు పెట్టాలంటే ఏం తెలియాలి?"

"ఏమో."

"అన్నిట్లో ఏది రైటో తెలియాలి."

"అమ్మ మిషను ఆపినట్టుంది. దారం అయిపోయిందేమో, చూసొస్తాను."

"నిలబడు. ఈ వాక్యాల భాగంలో తప్పితే సీటు రాదు. తెలుసా?"

"తెలుసు."

"సీటు రాకపోతే నీ చదువు ఇక్కడితో సరి. తెలుసా?"

"తెలుసు."

"మరెందుకు తప్పు పెడుతున్నావు?"

"కొంత ఇబ్బంది ఉంది."

"ఎవరికి?"

"పరిస్థితులు అలా ఉన్నాయి."

"ఆ మూడో నంబరు భాష నాతో మాట్లాడకు. ఒకటో నంబరులా చెప్పు."

"ఆ కాలేజీ ఇక్కడ లేదు కదా నాన్నా."

"లేదు. హాస్టల్లో ఉంటావు. అందరు పిల్లలూ ఉండట్లేదా?"

"వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళ అమ్మానాన్నా మాట్లాడుకుంటారు. నేను పోతే నువ్వు అన్నం ఎవర్నడుగుతావు? అమ్మకి జ్వరం వస్తే నీకెవరు చెప్తారు?"

"అది మా పెద్దవాళ్ళ గొడవ. మాట్లాడుకుంటే రోజూ కొట్లాటే అవుతోందని, నీ చదువు పాడవుతుందని మానేశాం. నీ కోసమే."

"నాకోసం మానేసి, కొట్లాట తీసి నా చేతిలో పెట్టారు. నువ్వన్నది అన్నట్టు చెప్తే అమ్మ ఏడుస్తుంది. అమ్మ అన్నది అన్నట్టు చెప్తే నువ్వు అన్నం మానేస్తావు. అందుకని మార్చి చెప్తాను. గిన్నె నీళ్ళనే కదా నువ్వన్నావు? ఒత్తిడి అని అమ్మ అనలేదు. ఎప్పుడూ అనలేదు. నాకు భయంగా ఉంది నాన్నా. నేను లేకపోతే మీరిద్దరూ ఒకరన్నది ఒకరు ఉన్నదున్నట్టు వినాల్సొస్తుంది."

"ఇన్నాళ్ళూ... అన్నీ మార్చావా?"

"అన్నీ."

"మొన్న నా నడుంనొప్పికి పాపం అన్నదీ?"

"అదీ నేనే."

"ఊఁ. మీ అమ్మతో చెప్పు..."

"నేను చెప్పను."

"ఒక్కసారి. నువ్వు సీటు వదులుకుంటున్నావని మాత్రం..."

"చెప్పను నాన్నా. నాకు భాష రాదు."

"ఇదుగో. నిన్నే. మిషను దగ్గర కూర్చున్నావు, నిన్నే. ఇదంతా వినబడిందా నీకు?"

"ఇంత కొంపలో వినబడకపోవడమేమిటండీ. మొదట్నుంచీ మీరన్నదీ వింటున్నాను, పిల్ల మార్చి చెప్పిందీ వింటున్నాను. మీరన్నది విని ఊరుకుని, అది చెప్పిన మాటల వల్లే ఈ ఇంట్లో ఉంటున్నాను."