కలబంద పిలక

కేతేపల్లిలో ఐలేశం ఇంటి వాకిలి. ముందు కొత్త కుండ పెట్టుకుని, పగిలిన కుండలోంచి కలబందను పెకిలిస్తున్నాడు ఐలేశం. పాలు తాగే కొడుకును ఒళ్లో వేసుకుని పక్కన కూర్చుంది చెల్లెలు గుర్వమ్మ.

“మెల్లగ గుంజు అన్నా, తల్లిచెట్టు ఇరుగుతది.”

“ఇరగదు. మొండి ఘటం ఇది. కుండను పలగ్గొట్టింది గని తాను పలుగలే. సూడు, లోపట మన్నే లేదు, అంత ఏర్లే. పిలకలు సూడు, అంగడికొచ్చినట్టు ఎట్ల కూసున్నయో!”

“ఇప్పుడెందుకు ఇడదీసుడు? వానలు పడ్డంక తీస్తే కాదా?”

“రేపు మల్లయ్యోళ్లు వస్తరు గద. మొన్న నిన్ను సూడొచ్చినప్పుడు ఆయన తల్లి అడిగింది. ‘మీ కలబంద మంచిగున్నది, ఒక పిలక ఇయ్యి, మా దర్వాజకు కడ్తం, దిష్టి తగలది’ అన్నది.”

“ఆల్లకు దిష్టా? ఆల్లను సూసెటోళ్లెవలే?”

“గట్లనకు. మల్లయ్యకు సైకిలున్నది.”

“ఉన్నది. తొక్కొస్తదా? ఊరు దాక నూక్కుంటొచ్చిండు, మన గల్లి మలుపుల ఎక్కిండు. ఎక్కుడు, దిగుడు.”

“నవ్వియ్యకు, కుండపెంకుకు చెయ్యి తెగుతది. నైజాం పోయి పదేండ్లాయె, ఈనికి దొరతనం ఇప్పుడొచ్చింది. చేతికి గడియారం! టైమెంతాయె అంటే పొద్దు దిక్కు సూసి చెప్పిండు.”

“గసొంటోనికి నన్నిస్తున్నవు.”

“ఇంకెవడొస్తడే? నీ పెనిమిటి బాయిల పడి ఏడాది దాటె. మారుమనువుకు ఒప్పుకున్నోడు గీ ఒక్కడే. ఆ కత్తి ఇటియ్యి.”

“ఇగో. పోరన్ని మాత్రం తేవద్దంటడు.”

“పిలకకు ఏరుండాలె. ఏరు లేంది బతకది. గిది జూడు, మంచిగొచ్చింది.”

“పోరని మాట అడుగుతున్న.”

“ఇంటున్న. ఇడదీసినంక జర నీడకు ఆరనియ్యాలె. పచ్చి గాయంతోని నాటితే కుళ్లుతది. ఇంత ఇసుక, ఇంత గొర్ల ఎరువు...”

“నీ కలబంద సంగతి నాకెందుకు! ఆల్లింట్ల పిలకకు జాగున్నదట, నా కొడుక్కు లేదట!”

“పిలక బువ్వ అడగదు.”

“థూ! నీ నోట్లె మన్ను పడ.”

“నా మాటనా అది? మల్లయ్య తల్లి నా ముంగట అన్న మాట. ఇని, చాయ తాపి తోలిన. గదీ నా మొగతనం.”

“మరి పోరడేడుంటడు?”

“నా కాడ. నేను సాదనా?”

“నువ్వు సాదుతవు. వదిన? సొంత పిల్లల గంజిలనే నీళ్లు కలుపుతది. మావోనికి గంజి సూపెట్టి నీళ్లు పోస్తది.”

“మెల్లగ. లోపటున్నది, ఇంటది.”

“ఇననియ్యి!”

“సూడు చెల్లె. నీకు పాతికేండ్లు లేవు. బతుకంత నా ఇంట్ల అంట్లు తోముతవా? వాడు పసోడు, నాలుగొద్దులు ఏడ్సి మరిసిపోతడు. ముందుగాల పాలు మానిపియ్యి.”

“ఎట్ల?”

“ఎట్లేంది, కొత్తనా? ఇగో, గీ మట్ట సీల్సి ఇస్తున్న. రసం రొమ్ముకు పూస్కో. చేదుకు ఒక్కపారి మొగం తిప్పిండంటే మల్ల దగ్గరికి రాడు. నా పిల్లలందరు గట్లనే మానిండ్రు. పట్టు. ఏం సూస్తున్నవు?”

“నిన్ననే పూసిన.”

“మరింకేంది! మానిండా?”

“మొగం మాడ్సిండు. థూ థూ అన్నడు. ఏడ్సిండు.”

“ఏడ్తడు. ఏడ్వనియ్యాలె.”

“ఏడ్సుకుంట ఏడ్సుకుంట చేదంత నాకిండన్నా. నాకేసి, మల్ల తాగిండు.”

చీల్చిన మట్టను కింద పడేశాడు ఐలేశం.

“ఏందట్ల సూస్తవు? కుండ నింపు, మంచిగ నింపు. రేపు మల్లయ్యోళ్లొస్తే గా పిలకనిచ్చి తోలు. గీ ఇంట్లకెళ్లి ఆల్లెంట పోయేది గదొక్కటే.”