వెలగకూడని ప్లేటు

మధ్యాహ్నమే అయినా మైక్రోస్కోపు గదిలో నల్ల పరదాలు దించి ఉన్నాయి. ల్యాబులో గాజుసామాను కడిగే ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. రీసెర్చి చేసే అమ్మాయి కంప్యూటరు మీద నుంచి చూపు తిప్పలేదు.

“ఏంది పాపా, పిలిచినావంట? మళ్లా రక్తం కావాల్నా?”

“వద్దక్కా. కూర్చో.”

“నేనిచ్చింది ఈసారి గూడా పచ్చగా వెలిగిందా?”

“కణాలు లోపల కష్టపడతా సంకేతాలు పంపితేనే రక్తంలో కలిపే ఈ రంగు వెలగాల. బాగుండేవాళ్ల రక్తం పోసిన ప్లేటు చీకటిగా ఉండాల. గట్టి మనిషివనే గదక్కా, పోల్చి చూసేదానికి నీ రక్తం తీసుకునేది.”

“రంగు చెడిపోయిందని మూడు సీసాలు నా చేతనే పారబోయిస్తివే!”

“మూడు నెలలు రంగుదే తప్పనుకుంటినక్కా.”

ఆమె కంప్యూటరు వైపు వంగి చూసింది. ఎక్కడా వెలుగు చుక్క లేదు. నవ్వు ముఖం పెట్టింది.

“ఇదో, నల్లగానే ఉందే! సరిపోయింది గదా?”

“అది అదే రంగు కలిపిన నా రక్తమక్కా.”

“మరి నాది యాడ?”

అమ్మాయి ప్లేటు మార్చింది. ఆకుపచ్చ వెలుగు ఇద్దరి ముఖాల మీదా పడింది.

“ఏం జబ్బు పాపా?”

“తెలీదు. ఇది జబ్బు చెప్పే పరీక్ష కాదు. రేపు పొద్దున్నే కదిర్కామం ఆస్పత్రికి పోదాం, నేను గూడా వస్తా. అక్కా, ఈ మధ్య సన్నబడినావా?”

ఆమె చేయి భుజం దగ్గర జారుతున్న రవికెను పట్టుకుని అక్కడే ఆగిపోయింది.

“లూజుగా కుట్టినాడని, పోయిన వారమే టైలరుతో జగడం పెట్టుకుంటి పాపా.”