రూతమ్మ చెప్పని మాట

"అవ్వా, మా ఆయన ఒక్క సిగరెట్టు ముట్టిస్తే అట్ల గయ్యిమంటివేందీ?"

గయ్యిమనక ముద్దు పెట్టుకోవాల్నా? నువ్వు కడుపుతో ఉండావు, పక్కన్నే కూచోని పొగ ఇడుస్తాండాడు. ఇంటల్లుడైతే ఏందంట? కూచో, నిలబడొద్దు, చెప్తా.

మా చెల్లెలు రూతమ్మ ఉండె గదా, నువ్వు చూడల్యాలే, నువ్వు పుట్టకముందే పాయ. మేము ఈడ ఆళ్లగడ్డలోనే ఉంటిమి, ఆయమ్మిని నంద్యాల పక్క పల్లెకిచ్చిరి. అప్పుడు బీడీకట్ట పావలా... కాదు కాదు, ఇంగా తక్కువే. చెనిక్కాయ పెరికేకాడ ఆడోళ్లు గూడ గట్టుమీద కూచోని తాగేటోళ్లు. ఎవురూ తప్పనుకోల్యా.

రూతమ్మకు వేవిళ్లు. నీళ్లు తాగినా కక్కేది. వాళ్లత్త, మంచిదేలే పాపం, తను తాగుతాండే బీడీ తీసి ఈయమ్మి నోట్లో పెట్టె. "రెండు దమ్ములు పీల్చు, వాంతులు ఆగుతాయి. నా బిడ్డలందర్నీ ఇట్లనే కంటి" అనె. అంతే, అలవాటైపాయ.

మగపిల్లోడు పుట్టె. దానియేలు. ఏం మాటలమ్మా వానివి! నన్ను పెద్దమ్మా అనడు, "ఆళ్లగడ్డమ్మా" అనేటోడు. బడికి పోయే ఈడుకు జ్వరం పట్టుకుంటే ఇడవల్యా. ఒళ్లంతా కమిలినట్ల మచ్చలు. నంద్యాలలో చూపిస్తే కర్నూలుకు తీసకపొమ్మనిరి. ఆడ చెప్పిరి, రక్తంలో క్యాన్సరని.

"నేను బీడీ తాగినందుకేనా?" అని రూతమ్మ డాక్టరమ్మను అడిగె. నేను పక్కనే ఉంటి. "కడుపుతో ఉన్నప్పుడు పొగ తాగకూడదమ్మా, పక్కన ఉన్నోళ్లూ తాగకూడదు. బిడ్డకు చాలా చెడుపు. ఇట్లాంటి క్యాన్సర్లు వస్తాయేమోనని అనుమానం గూడా ఉంది. కానీ నీ కొడుక్కి దానివల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. నెత్తినేసుకోవద్దు" అనె ఆయమ్మ.

బతకల్యా తల్లీ. పెట్టెలో పెడ్తాంటే ఆ చిన్న కాళ్లు... వద్దులే.

అప్పుడే, అంతమందిలో, వాళ్లత్త ఎగబడె. "బీడీలు తాగి తాగి నా మనవడ్ని మింగె" అని. ముట్టించి నోట్లో పెట్టిందెవురు? నాకు ఒళ్లు మండె. రూతమ్మ తల వంచుకునె, నోరు తెరవల్యా. ఇంగ ఊరంతా అదే మాట. మొగుడు గూడ.

ఎందుకు చెప్పల్యా అని నేను అడిగితే ఏమనెనో తెల్సా? "నేనెట్లాగూ సచ్చినదాన్నే. చెప్తే అత్త గూడ సస్తాదక్కా."

నేనైతే చెప్పేసేదాన్ని. నాకు అంత మనసు ల్యా. ఆయమ్మి మట్టుకు పోయేదాంక ఆ మాట పడతానే ఉండె, ఒక్కతే...

ఏడ్చొద్దమ్మా, బిడ్డకు మంచిదికాదు. ప్రభువు నీ కడుపు చల్లగ చూడాల. ఒకేళ ఏదన్నా... థూ, నా నోరు పడిపోను. ఏమొచ్చినా సరే, నిన్ను ఒక్కదాన్ని నిలబెట్టి ఎవురన్నా నోరెత్తితే, నేను ఉండా. ఇంటాండావా? నేను ఉండా...