సెంట్రింగ్ లేని గుమ్మటం

రొట్టెల పొయ్యి కమానుకి అంత కర్ర ఎందుకయ్యా లాపో? నవ్వకు. మా మామగారు నోఫ్రి బతికుంటే నీ చేతిలో ఉలి లాగేసుకునేవాడు. నువ్వు పుట్టకముందే పోయాడులే. ఫ్లోరెన్స్‌లో ఏ కమాను కింద నిలబడ్డా ఆయన వేసిన సెంట్రింగ్ మీద కట్టిందే అనుకో. కింద కర్రతో అచ్చు కట్టాలి, దాని మీద రాయి పేర్చాలి, సున్నం గట్టిపడ్డాక కర్ర దింపెయ్యాలి. ఆ దింపేటప్పుడు ఎవర్నీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. తనొక్కడే కింద నిలబడి చీలలు ఊడగొట్టేవాడు, కూలితే నా నెత్తిన కూలనీ అని. మొండిమనిషి. అన్నీ అంతే, కూరలో ఉప్పు చాలకపోతే గిన్నె పక్కకి నెట్టేవాడు గానీ నోరు తెరిచి అడిగేవాడు కాదు. ఆయన కూతురు, మా ఆవిడ టెస్సాకీ ఆ బుద్ధే వచ్చింది. ఏం చెబుతున్నాను? ఆ, గుమ్మటం.

పెద్ద చర్చి మా తాతల నాటి నుంచీ నడినెత్తిన కప్పు లేకుండానే ఉండేది. ఆ వెడల్పుకి సెంట్రింగ్ వెయ్యాలంటే అడవి సగం నరకాలి. ఆ పని తనకే వస్తుందని మామయ్య కొండల్లో తిరిగి మంచి దూలాలు ఏరి తెచ్చి పెరట్లో ఆరబెట్టుకున్నాడు. ఇంతలో గుమ్మటం పని చేపట్టినవాళ్ళు సెంట్రింగే అక్కర్లేదు, గాల్లోనే కడతాం అన్నారు. "గాల్లోనా? కట్టుకోమను. కూలాక నా గుమ్మంలోకే వస్తారు," అన్నాడాయన. ఆ దూలాలు ఎవరడిగినా ఇవ్వలేదు. అప్పటికే ఆయన కూతుర్ని చేసుకున్నాను నేను. తాపీ పట్టుకుని రోజూ ఆ గుమ్మటం మీదికి ఎక్కేవాణ్ణి. చూశావా ఆయన అవస్థ? గుమ్మటం కూలితే మాట నిలుస్తుంది, అల్లుడు పోతాడు.

ఎలా కట్టామో తెలుసుగా నీకు? తెలీదా! ఏం నేర్పుతున్నారయ్యా మీకు? చుట్టూ వరస మూసుకుందా, ఇంక భయం లేదు. ప్రతి ఇటుకా లోపలికి పడదామనే చూస్తుంది గానీ పక్కవాటి మధ్య చోటుండదు. చిక్కంతా వరస మూసుకునేలోపే. అందుకని కొన్ని ఇటుకలు పడుకోబెట్టి మధ్యలో ఒకటి నిలబెట్టేవాళ్ళం. ఆ నిలబెట్టింది పై వరసలోకి పొడుచుకొచ్చి, అక్కడ పెట్టే ఇటుకల్ని జారకుండా పట్టుకుంటుంది. పీపాకి పట్టీ వేసినట్టు గుమ్మటం చుట్టూ రాతి దూలాలు ఇనుముతో కలిపి బిగించాం. రెండు గోడలు, ఒకదాని లోపల ఒకటి, మధ్యలోంచి మెట్లు. పొద్దున ఎక్కితే సాయంత్రం దాకా దిగనిచ్చేవాళ్ళు కాదు. వంటా పైనే, తాగడానికి వైనూ పైనే. ఎవడూ తూలకూడదని దాంట్లో నీళ్ళు కలిపిచ్చేవాళ్ళు. థూ, ఏం వైనది!

పైకి పోయేకొద్దీ గోడ లోపలికి వాలిపోతూ వచ్చింది. ఈ వానలకి ఆగదని మామయ్య వైను కొట్టు దగ్గర అందరికీ చెప్పాడు. ఆ మాట టెస్సా చెవిన పడింది. అప్పుడు కడుపుతో ఉంది. తండ్రి ఇంటికెళ్ళి నిలదీసింది. "కూలుతుందంటే ఇవాళే వెళ్ళి ఆయన్ని దింపుకురా నాన్నా. కూలదంటే కూలదని చెప్పు. రెండూ కాకపోతే నా గడప తొక్కకు."

ఆ మధ్యాహ్నమే మామయ్య మెట్లెక్కి పైకి నా దగ్గరికి వచ్చాడు, ఆయాసపడుతూ. దిగు అన్నాడు. మేస్త్రి దిగనివ్వడు మామయ్యా, కూర్చో అన్నాను. కూర్చోలేదు. నేను ఇటుకకి సున్నం రాసి వాలు మీద పెట్టబోతుంటే గబుక్కున రెండు అరచేతులూ దాని కిందికి చాచాడు, కర్ర లేదుగా, తనే సెంట్రింగ్ అన్నట్టు. చుట్టూ మావాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇటుక పెట్టాను, పక్కనే ఇంకోటి పెట్టాను, నిలబెట్టినదానికి ఆనించి బిగించాను. ఆయన చేతులు తియ్యడే. "బరువేమైనా పడుతోందా మామయ్యా?" అన్నాను. చాలాసేపటికి ఒక చెయ్యి తీశాడు. ఇటుకలవంక చూస్తూ రెండోదీ తీశాడు. సాయంత్రం దాకా ఆ పక్కనే కూర్చున్నాడు.

దిగేటప్పుడు ఆ రెండు గోడల మధ్య ఇరుకు మెట్ల మీద నా భుజం పట్టుకుని ఆగాడు. "ఇది కూలాలనే కోరుకున్నాను అల్లుడూ. నువ్వు పైనున్నావని తెలిసే కోరుకున్నాను," అన్నాడు. తెలుసు మామయ్యా అన్నాను. నిజంగానే తెలుసు. కోపం లేకేం, ఉండేది. ఆ వేళ మాత్రం ఆయన్ని చూస్తే జాలేసింది.

మా గడప బయటే నిలబడిపోయాడు. లోపల్నుంచి టెస్సా అడిగింది, ఏమంటావు నాన్నా అని.

"కూలదమ్మా," అన్నాడు. "నాతో ఇంక పని లేదు వాళ్ళకి."

ఆ... పోనీలే. ఆ కూజా ఇటు అందుకో.