దీవికి బిరడా

మా దీవిలో ఇంటింటికీ మంచినీళ్ళు తగిలేదాకా తవ్విన గుంట ఉంటుంది, చేమ అందులోనే వేస్తారు. ఒకరి చేమగుంట గురించి ఇంకొకరు అడగడం మర్యాద కాదు. అందుకే నకిబేని ఎవరూ ఏమీ అడగలేదు. మొన్న సముద్రం పొంగి ఊళ్ళోకి వచ్చి పోయిన దగ్గర్నుంచీ అతను తన గుంట దగ్గరికి పురుగును కూడా రానివ్వడం లేదు. శనివారం కూతురి పెళ్ళి. ఆడపెళ్ళివారు మగపెళ్ళివారి ముందు గుంటచేమ దుంప తెచ్చి పెట్టాలి. పెట్టలేకపోతే ఆ పిల్ల అత్తింట్లో తలెత్తుకోలేదు.

ఆ మధ్యాహ్నం ఊరి సావిట్లో మగవాళ్ళు తొడల మీద కొబ్బరి పీచు తాడు పేనుతున్నారు, ఆడవాళ్ళు మొగలాకులు అల్లుతున్నారు. కాబోయే వియ్యంకుడు ఇయోతేబా, అతని భార్య తెరెతియా కూడా అక్కడే ఉన్నారు. నకిబే తియ్యకల్లు గ్లాసెడు తాగి మూతి తుడుచుకున్నాడు.

"నా గుంటలో ఒక చేమ ఉంది. దుంప తొడంత. అంతే, అబద్ధమెందుకు."

"ఎవరి తొడ?" అన్నాడు ఇయోతేబా తాడు పేనుతూనే.

"మీ తొడే అనుకోండి బావగారూ. దాని చుట్టూ బుట్ట అల్లి, అందులో ఎండాకు తరిగిపోసి, సీమపనస చెట్టు కింది నల్లమట్టి వేశాను. ఏ ఆకో మాత్రం చెప్పను, మా తాత పోయేముందు నా చెవిలో చెప్పాడు, మా ఆవిడకి కూడా చెప్పలేదు."

"గుర్తుంటేగా చెప్పడానికి," అంది అతని భార్య రోతియా. అందరూ నవ్వారు.

"నవ్వండి, నవ్వండి. పొద్దున లేచి చూద్దును కదా, బుట్ట పగిలిపోయింది. ఇంకా పెద్దది అల్లితే అదీ పగిలింది. చివరికి ఇంట్లో చాపలన్నీ కలిపి కుట్టి దాని చుట్టూ కట్టి, మేం కటిక నేల మీద పడుకున్నాం."

"చాపలు ఎలకలు కొట్టాయి," అంది రోతియా.

"ఎలకలు ఎందుకొచ్చాయి మరి? చేమ వాసనకి! ఇక ఆ చేమ ఆకు సంగతి చెప్తా. పక్కింటివాళ్ళు చేపలు ఎండేసుకుంటే దాని నీడ పడి ఒక్కటీ ఎండలేదు, ఊరి తూర్పు వీధికి మిట్టమధ్యాహ్నమే పొద్దుగూకేది, కోళ్ళు గూట్లోకి పోయేవి. వాన పడితే ఆకులో నిలిచిన నీళ్ళలో నేను పడవేసుకుని వలవేసి వచ్చాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సరుకుల ఓడ కెప్టెన్ దూరం నుంచి చూసి, పటంలో లేని దీవేదో కొత్తగా పుట్టిందనుకుని ఆ ఆకు పక్కనే లంగరు దించాడు. ఆ నెల మనకి బియ్యం ఆలస్యంగా వచ్చింది అందుకే."

"అందుకా! ఇంజను చెడిందేమో అనుకున్నాం," అన్నాడు ఇయోతేబా. తర్వాత నెమ్మదిగా, "అయితే శనివారానికి తవ్వుతున్నారన్నమాట," అన్నాడు.

నకిబే గ్లాసు ఎత్తాడు. అది ఖాళీగా ఉంది. మళ్ళీ దించాడు.

"అదేగా చెప్తున్నాను! మొన్ననే తవ్వబోయాను బావగారూ. వేర్లు చూస్తే మంచినీళ్ళు దాటి, అడుగు రాయి దాటి, ఊరంతా పాకి ఉన్నాయి, ఏ ఇంటి కింద చూసినా నా చేమ వేర్లే. తాళ్ళు కట్టి పడవలతో లాగాం. దుంప ఇంత కదిలింది, అంతే, దీవి మొత్తం ఒక పక్కకి ఒరిగిపోయింది! పందులు దొర్లుకుంటూ ఒడ్డుకి పోయాయి. చర్చి గంట దానంతట అదే మోగింది, మీరూ విన్నారుగా?"

"ఆదివారం కదూ," అన్నారెవరో.

"ఆదివారమే. కింద చూస్తే గుడగుడమని నీళ్ళు. అప్పుడు తెలిసింది నాకు. అది దుంప కాదు, ఈ దీవికి బిరడా! పీకితే చిల్లుపడ్డ పడవలా అందరం అడుక్కి పోతాం. కూతురి పెళ్ళే, కాదనను. కానీ నా పరువు ముఖ్యమా, ఊరు ముఖ్యమా చెప్పండి. అందుకే గట్టిగా నొక్కేసి వచ్చాను. ఇక తవ్వను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. రోతియా తల వంచుకుని అల్లిన ఆకునే మళ్ళీ విప్పి అల్లుతోంది.

తెరెతియా ఆకు అల్లుతూనే అడిగింది. "అన్నయ్యగారూ, బిరడా అంత గట్టిగా ఉంటే, వదిన రోజూ పొద్దున్నే మా బావికి ఎందుకొస్తోంది నీళ్ళకి? మీ బావి ఆ గుంట పక్కనేగా. ఉప్పెక్కిందా?"

నకిబే కొబ్బరి పీచు చేతిలోకి తీసుకున్నాడు. సావిట్లో అందరూ తమ తాళ్ళ వంకే, ఆకుల వంకే చూసుకున్నారు.

తెరెతియా ఆకు చివర మడిచి, లోపలికి దోపింది. "ఏం లేదు, ఒక మాట అడుగుదామని. ఇందాక మీ వేర్లు ఊరంతా పాకాయన్నారుగా. మా గుంటలో ఒక మూల మేం నాటని చేమ ఒకటి లేచింది. ఎవరిదా అని నేనూ మీ బావగారూ ఒకటే అనుకోవడం. ఇప్పుడు తెలిసింది, మీదే. రేపు వచ్చి తవ్వి తీసుకెళ్ళండి. దుంప తల మాత్రం కోసి తడిగా దాచుకోండి, వానలకి మీ గుంటలో ఉప్పు కడుక్కుపోయాక నాటుకోవచ్చు."

ఇయోతేబా భార్య వంక చూసి, "అవునవును, మేం నాటలేదు," అన్నాడు.

రోతియా ముక్కు చీదుకుంది. నకిబే చేతిలో పీచు కింద పెట్టాడు.

"ఎంతుంటుందమ్మా?"

"తొడంత," అంది తెరెతియా. "అంతే. అబద్ధమెందుకు."