సంచిలో గుడ్డముక్కలు

"ఫ్యాక్టరీలో కత్తిరింపు ముక్కలు తగలబెట్టడం మానేసి, వాటినుంచే మళ్ళీ నూలు తీయిస్తున్నారట అని పక్కింటి వదిన చెబితే నమ్మలేదు సార్."

రెండేళ్ళ కిందట తనను పనిలోంచి తీసేసిన సూపర్‌వైజరు గుమ్మంలో నిలబడితే ఆమె అన్న మాట అది.

"నిజమేనమ్మా. కాకపోతే ఏది కాటనో, ఏది పాలిస్టరో తేల్చేవాళ్ళు లేక అంతా కలగాపులగం అవుతోంది. నువ్వైతే చేత్తో పట్టుకుని చెప్పేదానివి."

"బూడిదయ్యేవే కదా అని బొంతకోసం గుప్పెడు ముక్కలు తెచ్చుకుంటే దొంగతనమైంది. ఇప్పుడు మీరే ఏరిస్తున్నారా?"

"తప్పు నాదే. నీ సంచి ఇంకా నా కళ్ళముందే ఉంది. వచ్చి మావాళ్ళకి నేర్పమ్మా."

"గేటు దగ్గర ఆ సంచి బోర్లించి, అందరి ముందూ దొంగన్నారు. తప్పు నాదేనన్న మాట మాత్రం నా ఒక్కదానికే చెప్పి పోతారా?"