పుస్తకంలో లేనివాడు

"చదివావా లేదా, అది చెప్పు ముందు."

"చేతులు కడుక్కుని కూర్చో. ఊరికే కౌంటరు వెనక కూర్చోవడానికి ఇదేం నీ మందుల షాపు కాదు. అంచులు నొక్కు."

ఆదివారం పెళ్ళి. శుక్రవారం పొద్దున్నే పెళ్ళికొడుకు ఎవాజియో పెళ్ళికూతురి వంటింట్లోకి వచ్చి కూర్చున్నాడు. ఇటలీలో మోన్‌ఫెర్రాతో అనే కొండల్లో ఆ ఊరికి మందుల షాపు ఆయనదే, తీరిక వేళల్లో డిటెక్టివ్ నవలలు రాస్తాడు, కొత్తది మొన్ననే అచ్చయి వచ్చింది. పెళ్ళికూతురు ఒత్తావియాకి యాభై దాటాయి, తండ్రి వదిలిపోయిన ద్రాక్షతోటలన్నీ ఆమే చూసుకుంటుంది. బల్ల మీద పెళ్ళి భోజనానికి మాంసం కూరి అంచులు నొక్కాల్సిన పిండి బిళ్ళలు, ఒక మూలగా ఆ పుస్తకం. పొయ్యి దగ్గర ఒత్తావియాకి వరసకి అక్క అయ్యే డెల్ఫీనా.

"కడుక్కున్నాను. ఇప్పుడు చెప్పు."

"చదివాను. రెండుసార్లు."

"రెండుసార్లా? నా పుస్తకం ఇంతవరకు ఎవరూ రెండుసార్లు చదవలేదు. మా చెల్లెలైతే చివరి పేజీ చూసి పక్కన పడేస్తుంది. ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుంది అంటే?"

"నువ్వు రాసినవాటన్నిట్లోకీ ఇదే బాగుంది. అంచు అంత మందంగా వదిలేయకు, ఉడకదు."

"నేనూ అదే అనుకుంటున్నాను. అంచు సంగతి కాదు, పుస్తకం సంగతి. ఈసారి ఏదో కుదిరింది."

"ఊరు ఊరంతా ఉంది కదా అందులో."

"పేర్లు మార్చాను."

"పేర్లు మార్చావు. మా డెల్ఫీనక్క మీసాలు మార్చలేదు."

"నా మీసాలకేమైంది? నేను ఇక్కడే ఉన్నాను, వినబడుతోంది."

"ఏం లేదక్కా. రా, నువ్వూ రెండు నొక్కు."

"నాకు పనుంది. ఏమయ్యా పెళ్ళికొడకా, పెళ్ళి ముందు ఇలా వంటింట్లో చేరకూడదని మీ అమ్మ నేర్పలేదా? నన్ను కూడా రాశావంటగా. అందంగా రాశావా?"

"ఉన్నది ఉన్నట్టు రాశాను డెల్ఫీనక్కా."

"అయితే అందంగా రాయలేదన్నమాట. ఒత్తావియా, నేలమాళిగలోకి వెళ్తున్నా, ఏ వైను సీసాలు పైకి తేవాలి?"

"దక్షిణపు వాలు తోటవి."

"అవా? అవి మీ నాన్న బతికున్నన్నాళ్ళూ ఎవరికీ పోయనివ్వలేదు కదే."

"అందుకే తెమ్మంటున్నా."

"నీ ఇష్టం. పెళ్ళికూతురివి, ఇవాళ ఏం చెప్పినా చెల్లుతుంది."

"వెళ్ళిందా?"

"మెట్లు దిగుతోంది. దక్షిణపు వాలు సీసాలే పెడతావా పెళ్ళి భోజనానికి? బాగుంటుంది. నా కథంతా ఆ వాలు మీదేగా."

"కథ."

"కథే మరి."

"ఒక జనవరి రాత్రి ఎవరో ఒక ముసలాయన తోటలో తీగలన్నీ రంపంతో కోసేస్తారు. తెల్లారేసరికి అడుగుల జాడల్ని మంచు కప్పేస్తుంది. పాలేరు కుర్రాడి రంపం మాత్రం గట్టు పక్కన దొరుకుతుంది. ముసలాయన కూతురు ఆ కుర్రాణ్ణే పెళ్ళాడదామనుకుంటోంది. వాణ్ణి జైల్లో పెడతారు. ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి, కోర్టు మెట్ల మీద వాడి మొహాన ఉమ్మేస్తుంది."

"ఉమ్మేసినట్టు నేను రాయలేదు."

"రాయలేదు. నేను ఉమ్మేశాను. నువ్వు నా పక్కనే ఉన్నావు. రుమాలు ఇచ్చావు."

"ఒత్తావియా, ముప్పై ఏళ్ళు దాటింది. పుస్తకంలో రెమోకి నేను మంచే చేశాను. వాడు ఏ పాపం ఎరగడని నా ఇన్‌స్పెక్టరు తేలుస్తాడు."

"చచ్చినవాడికి మంచి చేశావు."

"ఆలస్యమే, కాదనను."

"జైలు నుంచి వచ్చాక ఈ ఊళ్ళో ఒక్కరూ పని ఇవ్వలేదు వాడికి. బెల్జియం వెళ్ళాడు. బొగ్గు గనిలో ఊపిరితిత్తులు పాడై, అక్కడే చచ్చిపోయాడు. వాళ్ళమ్మకి కబురు చెప్పడానికి నేనే వెళ్ళాను, తెలుసా? ఆవిడ నా మొహాన తలుపు వేసేసుకుంది."

"తెలుసు."

"సరే, నీ ఇన్‌స్పెక్టరు దొంగని ఎలా పట్టుకున్నాడో చెప్పు."

"చదివావుగా."

"నీ నోటితో చెప్పు. నీకిష్టమేగా చెప్పడం."

"ఏముంది... కోసేసిన తీగలు మూడో ఏటికల్లా మళ్ళీ కాపుకొస్తాయి. ఊరంతా దేవుడి దయ అంటుంది. ఇన్‌స్పెక్టరు మాత్రం ఆలోచిస్తాడు. మన తీగలన్నీ అంటు తీగలు. కింద అడవి వేరు, పైన మన బార్బెరా ద్రాక్ష. అంటు కింద కోస్తే అడవి చిగురు తప్ప ఇంకేం రాదు, తోట పోయినట్టే. అంటు పైన కోస్తే బతుకుతుంది. మరి ఆ ఏడు అంటు ఎక్కడుంది? మట్టి కింద ఉంది. నవంబర్లో ఆ ఒక్క వాలు మీద మొదళ్ళకి మట్టి ఎగదోయించారు, చలి ఎక్కువగా ఉంటుందని చెప్పి. లేత తీగలకి ఎగదోస్తారు గానీ ముదురు తీగలకి ఎవరు ఎగదోస్తారు? అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు. కోసినవాడు సరిగ్గా మట్టి మట్టానికి కోశాడు. అంటే..."

"అంటే మట్టి ఎగదోయించినవాడికి కోత సంగతి ముందే తెలుసు. తోట యజమానికి. ముసలాయనకి."

"అదీ. అది రాసేటప్పుడు నాకే ఒళ్ళు జలదరించింది."

"నాకూ జలదరించింది. ఆ మట్టి ఎగదోసింది ఎవరో తెలుసా నీకు?"

"కూలీలెవరో..."

"నేనూ రెమో. చెరో పార ఇచ్చి పంపించాడు నాన్న. వాడు ఒక వరస, నేను ఒక వరస. 'మీ నాన్న తీగలకి దుప్పటి కప్పిస్తున్నాడు, నాకో పాత కోటు ఇవ్వడానికి మాత్రం చేతులు రావు' అన్నాడు. నవ్వు ఆపుకోలేక కూలబడ్డాను. ఆ వరస చివరికి వెళ్ళాకే పెళ్ళి మాట ఎత్తాడు."

"ఇది నాకెప్పుడూ చెప్పలేదు నువ్వు."

"చెబితే అదీ రాసేవాడివి."

"ఒత్తావియా, అది కల్పన. కథలో ముసలాయన మీ నాన్న అని నేను ఎక్కడన్నాను?"

"తినబోయే ముందు కత్తిని ప్యాంటుకి తుడుచుకునే ముసలాయన ఈ చుట్టుపక్కల ఇంకెవరున్నారు? నిన్న వాలు మీదకి వెళ్ళాను. మొదళ్ళు చూశాను. ఇన్నేళ్ళుగా చూస్తున్న మొదళ్ళే. రంపం మచ్చ, దానికింద అంటు ముడి. ఏ తీగ చూసినా అంతే. నేను తోటదాన్ని, నాకెందుకు తట్టలేదు? ఏటా పునీత మార్తీనో పండక్కి వెళ్ళి కొవ్వొత్తి వెలిగించాను, మా తోట బతికించావయ్యా అని. నాన్న నా పక్కనే నిలబడి తనూ ఒకటి వెలిగించేవాడు."

"ఏడవకు."

"ఏడుపు కాదు ఇది, ఒళ్ళు మండుతోంది. నన్ను మా నాన్నే మోసం చేశాడు. అదీ నా చేతుల్తోనే చేయించాడు. రెమోని జైలుకి పంపడానికి రెమో చేతికే పార ఇచ్చాడు."

"ఆయన నీ మంచే కోరాడు. చేతిలో చిల్లిగవ్వ లేని పాలేరుకి ఒక్కగానొక్క కూతుర్ని ఇవ్వాలంటే ఏ తండ్రికైనా..."

"అంటే కల్పన కాదన్నమాట."

"నేను అలా అనలేదు."

"అన్నావు. నొక్కు, ఆపకు."

"సరే. చివరి రోజుల్లో ఇంజెక్షన్ ఇవ్వడానికి వచ్చేవాణ్ణి కదా. నువ్వు ద్రాక్ష కోతల్లో ఉన్నావు. అప్పుడు చెప్పాడు. నీకు చెప్పొద్దని మాట తీసుకున్నాడు."

"నాకు చెప్పొద్దన్నాడు. అచ్చు వేయించమన్నాడా?"

"ఆయన పోయి కూడా ఎన్నో ఏళ్ళయింది. అంత మంచి చిక్కుముడి చేతిలో పెట్టుకుని ఎన్నాళ్ళని ఊరుకోను చెప్పు? నువ్వే చదివి తెలుసుకుంటే చెప్పినట్టూ ఉంటుంది, మాట తప్పనట్టూ ఉంటుంది అనుకున్నాను. పెళ్ళికి ముందే నీకు తెలియాలనే..."

"నా కోసం రాశావా?"

"నీ కోసమే."

"అబద్ధం. కథ బాగా కుదిరింది, దాచుకోలేకపోయావు."

"సరే, అదీ ఉంది. ఒప్పుకుంటున్నాను."

"తెచ్చాను సీసాలు. బూజు చూడండి, నా జుట్టంతా అదే. ఏంటి ఇద్దరి మొహాలూ అలా ఉన్నాయి? పెళ్ళయ్యాక పోట్లాడుకుందురు గానీ, తొందరేముంది?"

"డెల్ఫీనక్కా, ఒకటి అడుగుతాను. నాన్న పేకాటలో ఎప్పుడైనా మోసం చేశాడా?"

"మీ నాన్నా? మంచి ముక్క పడితే ఆయన చెవులు ఎర్రబడిపోయేవి. అందరూ ఆ చెవులు చూసే ఆడేవాళ్ళు. పాపం, ఒక్క ఆట గెలిచింది లేదు. ఎందుకూ?"

"ఊరికే. గ్లాసులు కడిగి పెట్టక్కా, నేను వస్తాను."

"పొమ్మంటే పోతాను గానీ, ఆయన్ని కూడా పంపించు. పెళ్ళికొడుకు చేతులకి అంత పిండి అంటకూడదు."

"విన్నావా?"

"ఏం వినాలి?"

"చెవులు ఎర్రబడే మనిషి. నవంబర్లో మట్టి, జనవరిలో రంపం. మధ్యలో క్రిస్మస్‌కి రెమోని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టాడు. ఇంత పన్నాగం ఆయన బుర్రలో పుట్టిందంటావా?"

"కోపంలో ఉన్న మనిషికి ఏదైనా పుడుతుంది."

"నాన్నకి కోపం వస్తే అరుస్తాడు, గిన్నె విసిరేస్తాడు, అయిపోతుంది. మూడు నెలలు దాచుకోవడం చేతకాదు. సరే, అది అలా ఉంచు. నీ పుస్తకం సంగతి అడుగుతాను. ఊరంతా ఉంది అందులో. అక్క మీసాలున్నాయి. ఫాదర్ గారి గాడిద ఉంది. రెమో వాళ్ళమ్మ తలుపు కూడా ఉంది. ఒక్కడే లేడు."

"ఎవరు?"

"సాక్షి."

"ఏ సాక్షి?"

"ఆ రాత్రి రెమో రంపం పట్టుకుని వంతెన దాటుతుంటే చూశానని కోర్టులో చెప్పినవాడు. ఒట్టి రంపం చూసి శిక్ష వేయరు, వదిలేస్తారు అన్నాడు లాయరు. కళ్ళారా చూసినవాడు ఒకడు నిలబడ్డాడు కాబట్టే జైలుకి పంపారు. ఇప్పుడు కోసింది నాన్న అని తేలింది. మరి వంతెన మీద సాక్షి ఎవర్ని చూశాడు?"

"చీకటి. పైగా మంచు పడుతోంది. ఎవర్నో చూసి రెమో అనుకున్నాను. పొరబడ్డాను, ఒత్తావియా, ఎవరైనా పొరబడతారు."

"అయితే ఆ మాటే రాయొచ్చుగా. పొరబడ్డ సాక్షి. డిటెక్టివ్ నవలకి అంతకన్నా ఏం కావాలి? నీ ఇన్‌స్పెక్టరు గాడిద యజమానిని కూడా కూర్చోబెట్టి ప్రశ్నలడిగాడు. సాక్షిని ఎందుకడగలేదు? అసలు వాణ్ణి ఎందుకు రాయలేదు?"

"పేజీలు ఎక్కువైపోయాయి."

"ఎవాజియో."

"పాత్రలు మరీ ఎక్కువైతే చదివేవాళ్ళు..."

"ఎవాజియో, ఇటు చూడు. ఏటా కోతలయ్యాక వచ్చి పెళ్ళి మాట అడిగేవాడివి. వద్దన్నా అడిగేవాడివి. ఇంత ఓపికగా నా పక్కన నిలబడ్డది నువ్వొక్కడివే అని ఈ ఏడు సరేనన్నాను. నాన్న మోసం చేశాడంటే ఆయన చచ్చిపోయాడు, సమాధి దగ్గరికెళ్ళి నాలుగు తిట్టి వస్తాను. నువ్వు బతికున్నావు. ఆదివారం నీ చెయ్యి పట్టుకుని చర్చిలోకి నడవాలి నేను. అందుకే అడుగుతున్నా. నడవాలో వద్దో తెలియాలి నాకు. ఆ ఆలోచన ఎవరిది?"

"అప్పుడు నేను చదువుకుంటున్నాను. శనాదివారాలు ఊరికి వచ్చేవాణ్ణి."

"ఎప్పుడొచ్చేవాడివని అడగలేదు."

"నువ్వు నా వంక చూసేదానివి కూడా కాదు. నేను మీ గుమ్మంలోంచి పిలిస్తే నువ్వు నా భుజం మీంచి రెమో వస్తున్నాడేమో అని చూసేదానివి."

"ఎవరిది?"

"మీ నాన్న మా షాపుకి వచ్చి కూర్చుని ఏడ్చేవాడు, పిల్ల పాలేరుతో లేచిపోతుందని. నాకు అప్పటికే కథలు కట్టడం అలవాటు. ఊరికే, కథలా చెప్పాను. ఇలా చేస్తే ఇలా అవుతుంది అని. ముందు మట్టి ఎగదోయించండి, అంటు కిందుంటుంది, తోటకేం కాదు అని. రంపం సంగతి, వంతెన సంగతి, అంతా. విన్నాడు. ఒప్పుకోలేదు. లేచి వెళ్ళిపోయాడు. అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను, నిజం."

"తర్వాత?"

"వారం తిరిగి మళ్ళీ వచ్చాడు. కూర్చోలేదు. గుమ్మంలో నిలబడి ఒక్కటే అడిగాడు."

"ఏమడిగాడు?"

"తీగలు మళ్ళీ వస్తాయి సరే, మరి కుర్రాడో అని. వాడూ వస్తాడన్నాను."